అత్త గదిలో మిగిలినవి

చనిపోయిన మనిషి సామాను ఏం చెయ్యాలో మన ఇళ్ళలో చెప్పకుండానే అందరికీ తెలుసు. బట్టలు ఎవరో ఒకరికి వెళ్ళిపోతాయి. మంచం పెరట్లోకి వెళ్తుంది. బంగారం ఉంటే పంచుకుంటారు, పంచుకునే దగ్గర నాలుగు మాటలు అనుకుంటారు. బ్యాంకు పుస్తకానికి నామినీ ఉంటారు. ఆడమనిషి భక్తి వస్తువులకి మాత్రం నామినీ ఉండరు. వాటికి ధర లేదు కాబట్టి ఎవరూ పోట్లాడరు. ధర లేదు కదా అని చెత్తబుట్టలో వేద్దామంటే ఎవరికీ చెయ్యి రాదు.

మండపేటలో మా మేనత్త పోయాక ఆవిడ గదిలో మిగిలినవి ఇవి. మోచెయ్యంత ఎత్తు లూర్దుమాత స్వరూపం, ప్లాస్టర్‌ది, జోడించిన చేతుల్లో రెండు వేళ్ళు విరిగిపోయాయి. జీరో బల్బు బిగించిన యేసు తిరుహృదయం పటం. ఆరు జపమాలలు. మాసిపోయిన ఉత్తరీయాలు రెండు. గుణదల నుంచి తెచ్చిన, మరియమాత ఆకారంలో ఉండే ప్లాస్టిక్ సీసా, అందులో సగం ఆవిరైపోయిన తీర్థజలం. వేళాంగణి నూనె. ఏ సంవత్సరానివో తెలియని మ్రానికొమ్మల ఆదివారం సిలువలు, ఎండి ముట్టుకుంటే పొడి అవుతున్నవి. తాపేశ్వరం కాజాల అట్టపెట్టె నిండా పునీతుల బొమ్మల కార్డులు. అట్ట ఊడిపోయిన జపపుస్తకం, దాని వెనక ఖాళీ కాగితాల మీద ఆవిడ చేతిరాతలో చీటీపాట లెక్కలు.

అత్త పెళ్ళి చేసుకోలేదు. సిస్టర్లు నడిపే ఒక బోర్డింగులో ముప్ఫై ఏళ్ళ పైన వంట చేసింది. మా నాన్న పోయాక మా అన్నయ్య వాళ్ళింట్లో వెనకగది ఆవిడది. ఆ గదిని ఎలా ఖాళీ చెయ్యాలన్న దగ్గర ఇంట్లో తలో మాటా అయ్యింది. అన్నయ్య పదేళ్ళుగా పెంతెకోస్తు ప్రార్థనలకి వెళ్తున్నాడు. విగ్రహాలు ఇంట్లో ఉంచకూడదనీ, ఎవరికీ ఇవ్వకుండా పగలగొట్టెయ్యాలనీ వాళ్ళ పాస్టరుగారు చెప్పారు. వదిన, "పగలగొట్టడం ఏంటండీ, అరిష్టం, గోదాట్లో కలిపేస్తే పోద్ది కదా" అంది. విచారణ గురువు, బాగున్నవి గుడికి ఇవ్వమన్నారు, విరిగినవి వద్దన్నారు. మేనల్లుడు ఏమీ అనలేదు. అత్త దినం అయిన మర్నాడే పటం గోడ మీంచి దించి మంచం కింద పెట్టాడు. వాడు అలా ఎందుకు చేశాడో చెప్పాలంటే మన రాజ్యాంగం దాకా వెళ్ళాలి. ముందు చర్చి సంగతి చూద్దాం.

కతోలిక చర్చికి ప్రతిదానికీ చట్టం ఉంది. 1983 నాటి చర్చి శాసన సంపుటిలో 1171వ సూత్రం ప్రకారం ఆశీర్వదించిన వస్తువుల్ని గౌరవంగా చూడాలి, అవి సొంత ఆస్తే అయినా లౌకికమైన, అనుచితమైన పనులకి వాడకూడదు. అవి పాడైపోతే ఏం చెయ్యాలో ఆ సూత్రం చెప్పదు. కాల్చడమో, పాదాలు పడని చోట పూడ్చడమో ఆచారం. మ్రానికొమ్మలైతే మరుసటేడు కాల్చి ఆ బూడిదనే విభూది బుధవారం నాడు నుదుట పెడతారు. పాత 1917 శాసనంలో మరో ముచ్చట ఉంది. జపమాలకి చర్చి జతచేసిన పాపపరిహార ఫలం, ఆ మాల పూర్తిగా నాశనమైనప్పుడో, అమ్మేసినప్పుడో మాత్రమే పోతుందట. చెయ్యి మారితే పోదు, విరిగితే పోదు, డబ్బు తీసుకుంటే పోతుంది! పవిత్రతని వస్తువులో కాకుండా ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో వెతికిన ఆ లాయరు ఎవరో గానీ నాకు నచ్చాడు.

ఈ చట్టాలన్నీ ఆశీర్వాదాన్ని నమ్మేవాళ్ళకి. నేను నమ్మను. బాప్తిస్మం అయిన దాన్నే, పద్దెనిమిదో ఏట మానేశాను. నమ్మనిదానికి ఈ వస్తువులు ప్లాస్టరూ, గాజుపూసలూ, అట్టముక్కలూ. అయితే చెత్తబండిలో ఎందుకు వెయ్యలేకపోతున్నాను? "సెంటిమెంటు" అని సరిపెట్టుకోవచ్చు. ఆ మాట నాకు చాలదు. సెంటిమెంటే అయితే అత్త దువ్వెన మీదా ఉండాలి కదా. దువ్వెన పారేశాం.

ఆ వస్తువులు గోదావరి డెల్టాలో ఎక్కడ నిలబడ్డాయో చూస్తే కొంత అర్థమవుతుంది. మా వైపు క్రైస్తవం ఎక్కువగా ప్రొటెస్టెంటు క్రైస్తవం. 1836లో బౌడెన్, బీర్ దంపతులు వచ్చి నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ మొదలుపెట్టారు. 1840లలో రాజమండ్రికి లూథరన్లు వచ్చారు. 1874లో కెనడియన్ బాప్టిస్టులు కాకినాడ చేరారు. వీళ్ళందరి దృష్టిలో బొమ్మ అంటే వదిలెయ్యవలసినది. కతోలికులు ఫ్రెంచివాళ్ళ యానాం చుట్టూ, తరవాత విశాఖ, విజయవాడ, 1976 నుంచి ఏలూరు మేత్రాసనాల కింద, చెదురుగా ఉన్నారు. కాబట్టి అత్తలాంటి మనిషి మైనారిటీలో మైనారిటీ. పేటలో తోటి క్రైస్తవులే "మీది బొమ్మల మతం" అనేవాళ్ళు. ఎదురింటి హిందువులకి మాత్రం ఆవిడ దేవుడు బాగా అర్థమయ్యాడు. ఫిబ్రవరి 11న గుణదల కొండ దగ్గర తలనీలాలిచ్చేవాళ్ళనీ, మార్చి 25న గౌరీపట్నం నిర్మలగిరికి నడిచి వెళ్ళేవాళ్ళనీ చూసినవాళ్ళకి ఇందులో వింతేం లేదు.

మరియమాత గురించి స్త్రీవాదులం చాలా మాట్లాడుకున్నాం. తల్లి కొడుకు ముందు మోకరిల్లడం మానవ చరిత్రలో స్త్రీ ఓటమికి పరాకాష్ఠ అన్న అర్థంలో సిమోన్ ద బోవా 1949లోనే రాసింది. కన్యగా ఉంటూనే తల్లి కావడం అనే ఆదర్శం ఏ మామూలు ఆడదానికీ అందనిదనీ, ఆ అందకపోవడంలోనే దాని రాజకీయం ఉందనీ మరీనా వార్నర్ 1976లో ఒక పెద్ద పుస్తకమే రాసింది. ఇవన్నీ క్లాసులో నేనూ చెబుతాను. ఒప్పుకుంటాను కూడా. కానీ మా అత్తకి ఆ మరియమాతతో ఉన్న సంబంధంలో మోకరిల్లడం కంటే లెక్కపెట్టడం ఎక్కువ.

జపమాలలో 59 పూసలు. 53 మంగళవార్త జపాలు, 6 పరలోక జపాలు. దీనికి ఫాదరు అక్కర్లేదు, పీఠం అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. మే నెలలో, అక్టోబరులో పేటలో ఇంటింటికీ స్వరూపం తీసుకెళ్ళి ఆడవాళ్ళు జపమాల చెప్పేవాళ్ళు. నడిపించేది అత్త. గుళ్ళో ఆవిడ పని ఊడవడం, పీఠం గుడ్డలు ఉతికి ఇస్త్రీ చెయ్యడం. పీఠం దగ్గర ఆడపిల్లలు సేవ చెయ్యొచ్చని రోము ఒప్పుకున్నది 1994లో. పఠనం, పీఠసేవ అనే పదవుల్ని స్త్రీలకి అధికారికంగా తెరిచింది 2021 జనవరిలో. అంటే ఆవిడ జీవితంలో ఎక్కువ భాగం పీఠం మీది గుడ్డని ముట్టుకోవచ్చు, పీఠం దగ్గర నిలబడకూడదు. జపమాల దగ్గర ఆ బెడద లేదు. 2002లో పోపు జాన్‌పాల్ పాతవి 15కి కొత్తగా 5 వెలుగు దేవరహస్యాలు కలిపితే అత్త వాటిని చివరిదాకా చెప్పలేదు. "మా అమ్మ చెప్పని రహస్యాలు నాకెందుకే" అంది ఒకసారి. రోముతో అంత నిబ్బరంగా విభేదించిన మనిషిని ఆ ఇంట్లో ఇంకొకర్ని చూళ్ళేదు.

ఇప్పుడు మేనల్లుడు పటం ఎందుకు దించాడో చెప్తాను. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కాని వ్యక్తి షెడ్యూల్డు కులం కాదు. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లిముల్ని చేర్చలేదు. చేర్చమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. 2022 అక్టోబరులో బాలకృష్ణన్ కమిషన్‌ని వేశారు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డు కులాలవాళ్ళు బి.సి. 'సి', వాటా ఒక్క శాతం. మతం మార్చుకుంటే అంటరానితనం పోతుందని ఢిల్లీలో ఎవరో నిర్ణయించారు. మండపేటలో మాత్రం పోలేదు. అందుకే ఆంధ్ర దేశమంతటా ఎన్నో కుటుంబాలు కాగితం మీద ఒకటి, ఆదివారం నాడు ఇంకొకటి. దీన్ని మోసం అనే పెద్దమనుషులున్నారు. రెండు తలుపుల్లో ఒకటే తెరిచి ఉంచి, పిల్లల్ని చదివించుకోవడానికి ఆ తలుపులోంచి వెళ్ళినందుకు మోసం అంటే ఎలా? నేను కాలేజీలో చేరిన రోజు అప్లికేషన్‌లో ఏం రాశానో ఇక్కడ చెప్పను.

వస్తువులు సాక్ష్యాలవుతాయి. రామనాథపురం జిల్లాలో ఒక దళిత వైద్యురాలి కుల ధ్రువపత్రాన్ని 2013లో రద్దు చేశారు. ఆమె క్రైస్తవుణ్ణి పెళ్ళి చేసుకుంది, విచారణకి వెళ్ళిన అధికారులకి ఆమె క్లినిక్ గోడ మీద సిలువ కనబడింది. 2021 అక్టోబరులో మద్రాసు హైకోర్టు ఆ రద్దుని కొట్టేస్తూ గోడ మీద సిలువ ఉన్నంత మాత్రాన ఆమె తన మతం వదిలేసినట్టు కాదంది. బాగుంది. కానీ ఎనిమిదేళ్ళు! 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ కేసులో ఎదురు తీర్పు ఇచ్చింది. బాప్తిస్మం పొంది చర్చికి వెళ్తూ రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునంటే కుదరదంది. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరుగారి కేసులో, క్రైస్తవంలోకి మారినవాళ్ళకి అత్యాచార నిరోధక చట్టం వర్తించదంది. మేనల్లుడు ఇవన్నీ ఫోన్లో చదువుతాడు. వాడి ఉద్యోగం కాగితాలు ఎం.ఆర్.ఓ. ఆఫీసులో ఉన్నాయి. పటం మంచం కిందకి వెళ్ళింది.

అప్పుడు నాకు వెనకగది అర్థమయ్యింది. ఆ ఇంట్లో ముందుగదిలో ఒక్క సిలువ కూడా ఉండేది కాదు. చిన్నప్పుడు అది సహజం అనుకున్నాను. నాన్న తన తల్లి జపమాల తెచ్చి అత్త గదిలో పెట్టాడు. మా అమ్మ పెళ్ళినాటి మరియమాత పటం అత్త గదిలోకి వెళ్ళింది. క్రిస్మస్ పాక కూడా అక్కడే కట్టేవాళ్ళం. ఇంటి మొత్తం మీద కాగితం మీద కూడా క్రైస్తవురాలిగా ఉన్నది అత్త ఒక్కతే, ఎందుకంటే ఆవిడకి పిల్లలు లేరు, అడ్మిషన్లు లేవు, పోయే సర్టిఫికెట్టు లేదు. అలా కుటుంబం తన మతం మొత్తాన్ని ఒక పెళ్ళికాని ఆడమనిషి గదిలో సర్దేసింది. పండగరోజు మేమందరం ఆ గదిలోకి వెళ్ళి క్రైస్తవులమయ్యేవాళ్ళం, బయటికొచ్చేవాళ్ళం. ఇంట్లో చాకిరీ ఆడవాళ్ళ మీద వేస్తారని మనం ఎన్నోసార్లు రాశాం. మతాన్ని మొయ్యడం కూడా ఒక చాకిరీ అని నేను ఎక్కడా చదవలేదు. అత్త జీతంలేని ఆ పని అరవై ఏళ్ళు చేసింది.

అందుకని నా ప్రశ్న కొంచెం మారింది. ఈ వస్తువులు పవిత్రమా కాదా అన్నది నాకు పక్కకి జరిగింది. మనం వాటిని ఏం చేసినా అది అత్త గురించి ఒక మాట చెప్పినట్టే. పగలగొడితే ఆవిడ అరవై ఏళ్ళు తప్పుదారిలో నడిచిందని చెప్పినట్టు. గోదాట్లో కలిపితే ఆవిడ కూడా అందర్లాంటిదే, వేరే ఏం లేదని చెప్పినట్టు. వదిన మంచి మనసుతోనే అంది, నాకు తెలుసు, కానీ ఈ దేశంలో అన్నీ ఆఖరికి అక్కడే కలవాలన్న ఆశ ఎవరిదో కూడా తెలుసు. మంచం కింద ఉంచితే ఆవిడ ఆ ఇంట్లో లేనే లేదని చెప్పినట్టు. చచ్చిపోయినవాళ్ళు నమ్మినదాన్ని మనం నమ్మాల్సిన పనిలేదు. వాళ్ళ గురించి అబద్ధం ఆడకుండా ఉండాల్సిన పని ఉంది. ఆవిడ తిరిగి జవాబు చెప్పలేదు కాబట్టి ఇంకా ఉంది.

నా స్నేహితురాలు ఒకావిడ, చదువుకున్నదే, "ఆ లూర్దుమాతని నాకిచ్చెయ్, హాల్లో పెట్టుకుంటాను, విరిగిన వేళ్ళతో ఎంత బాగుంటుందో" అంది. హైదరాబాదులో ఇళ్ళల్లో చూస్తూనే ఉంటాం, గోవా నుంచి కొనుక్కొచ్చిన చెక్క పునీతులు టీవీ పక్కన, మీద లైటు. 1171వ సూత్రం 'లౌకిక వినియోగం' అన్నప్పుడు బహుశా సారా కొట్లో వాడటం ఊహించి ఉంటారు. నాకు షోకేసే ఎక్కువ అనుచితంగా తోచింది. పాస్టరుగారు ఆ బొమ్మని పగలగొట్టాలనుకుంటున్నారంటే కనీసం దాన్ని లక్ష్యపెడుతున్నారు. షోకేసు దాన్ని లక్ష్యపెట్టదు, చూస్తుంది అంతే. స్నేహితురాలికి ఇవ్వలేదు. ఆవిడ నొచ్చుకుంది.

యూదులకి ఒక మంచి పద్ధతి ఉంది. దేవుడి పేరు ఉన్న కాగితాన్ని పారెయ్యరు, కాల్చరు. ప్రార్థనామందిరంలో గెనీజా అనే గదిలో పడేస్తారు, తరవాత ఎప్పుడో పూడుస్తారు. కైరోలో బెన్ ఎజ్రా మందిరంలో అలా పడేసినవి శతాబ్దాలపాటు అక్కడే ఉండిపోయాయి. 1896లో ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనే కవల అక్కచెల్లెళ్ళు తూర్పుదేశాల యాత్రలో కొన్న కాగితాల్ని కేంబ్రిడ్జికి తెస్తే, అవేమిటో గుర్తుపట్టిన సాలమన్ షెక్టర్ కైరో వెళ్ళి సుమారు 2 లక్షల ముక్కలు తెచ్చాడు. (ఆ అక్కచెల్లెళ్ళు గొప్ప పండితురాళ్ళు, కేంబ్రిడ్జి అప్పట్లో ఆడవాళ్ళకి డిగ్రీ ఇచ్చేది కాదు.) అందులో ప్రార్థనలే కాదు, మధ్యయుగపు ఆడవాళ్ళ సారె జాబితాలు, భర్త ఊరొదిలి పోయాడన్న ఫిర్యాదు ఉత్తరాలు, అప్పుల లెక్కలు ఉన్నాయి. దేవుడి పేరు పక్కన రాసుకోబట్టి ఆ అప్పులు బతికాయి. చరిత్రలో ఆడవాళ్ళు లేరని మనం గొడవపడే రోజుల్లో నాకు ఈ గది గుర్తొస్తుంటుంది. వాడకూడదు, ధ్వంసం చెయ్యకూడదు అన్న మధ్యస్థితి ఎంత పని చేసిందో.

అత్త జపపుస్తకం వెనక చీటీ లెక్కలతో పాటు పేటలో పుట్టినవాళ్ళవీ, పోయినవాళ్ళవీ తేదీలున్నాయి. ప్రసవంలో పోయిన ఇద్దరి పేర్లున్నాయి. ఏ రిజిస్టర్లో ఉన్నాయో లేవో తెలియని ఒక రోజు వయసు పిల్లలున్నారు, పేరు లేకుండా, "పలానా వాళ్ళ పాప" అని. మాకు రక్తసంబంధం ద్వారా దక్కిన ఆస్తి అంటే ఇదీ. కాగితం మీద హిందువులమైన అన్నయ్యా నేనూ, క్రైస్తవురాలైన ఆవిడకి 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద సమాన వారసులం. ఆ చట్టంలో ఆడా మగా తేడా లేదు. నేను పుస్తకం తీసుకున్నాను.

మిగతావి ఒక్కొక్కటీ ఒక్కో దారిన పోయాయి. మ్రానికొమ్మల సిలువలు, చిరిగిపోయిన ఉత్తరీయాలు గుడికి ఇచ్చాను, విభూదికి పనికొస్తాయని. జపమాలల్లో మంచివి నాలుగు, మే నెలలో అత్తతో తిరిగిన ఆడవాళ్ళు పంచుకున్నారు. అత్తని పెట్టెలో పెట్టినప్పుడు వదిన చేతికి చుట్టింది కొత్త జపమాల, తెల్లపూసలది, చూడ్డానికి బాగుంటుందని. ఆవిడ రోజూ వాడినది గదిలోనే ఉండిపోయింది. రాలిపోయిన ఒక పూస బదులు దానికి చొక్కా గుండీ కుట్టి ఉంది. అది ఇమ్మని ఎవరూ అడగలేదు, నేను ఎవరికీ చూపించలేదు కూడా. అన్నయ్య తీసుకున్నాడు. ఎందుకని అడిగితే "ఉండనియ్యి" అన్నాడు.

లూర్దుమాతని ఎదురింటి పిన్ని అడిగింది. పదిహేనేళ్ళు అత్తా ఆవిడా ఒకేసారి బి.పి. మాత్రలు వేసుకునేవాళ్ళు, ఒకరు మర్చిపోతే ఇంకొకరు కేకేసేవారు. ఆఖరి నెలలో అత్తకి నీళ్ళు పోసింది కూడా ఆవిడే. ఇప్పుడు ఆ స్వరూపం వాళ్ళ దేవుడి గూట్లో కనకదుర్గమ్మ పక్కన ఉంది. శుక్రవారం బొట్టు పెడుతుంది. గోదాట్లో కలపడానికి ఒప్పుకోని నేను దీనికి ఎలా ఒప్పుకున్నానని వదిన అడిగింది, సబబైన ప్రశ్నే. పిన్ని ఆ బొమ్మని అత్త బొమ్మ అనే పిలుస్తుంది, అది క్రైస్తవుల దేవతని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆ బొట్టు 1171వ సూత్రం ప్రకారం అనుచితమా అని ఫాదర్‌గారిని నేను అడగలేదు. అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్పాల్సొస్తుంది.

తిరుహృదయం పటం సంగతి తేలలేదు. విచారణకి వచ్చేవాళ్ళు ఇంకా రాలేదు. మేనల్లుణ్ణి నేను ఏమీ అనలేను. పటం గోడ మీద ఉండాలి అనే హక్కు, మూడు వందల కిలోమీటర్ల అవతల ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం గుడికి కూడా వెళ్ళని నాకు లేదు. వాడికి ఉద్యోగం వచ్చాక చూద్దామన్నాడు. వాడి నాన్న వద్దంటాడు, ఆ కారణం వేరు.

జపపుస్తకం నా దగ్గరే ఉంది. చీటీ లెక్కల్లో ముగ్గురి వాయిదాలు బాకీ కనబడుతున్నాయి. వాళ్ళలో ఒకావిడ కిందటి నెల ఇంటికొచ్చి వదిన చేతిలో 600 పెట్టి, "ఆవిడ పుస్తకంలో నా పేరు కొట్టేయమనండి" అని చెప్పి వెళ్ళిందట. వదిన ఫోన్ చేసింది. పేజీ తీసి కొట్టేశాను.